చెంబు నీళ్లు ఇవ్వని ఇల్లు

కుప్పం నుంచి మదనపల్లె దాకా నేను చూడని ఇల్లు లేదు. గేటు దగ్గర నిలబడి ఒక్క చూపు చూశానంటే ఆ ఇంటి గుట్టంతా చెప్పేస్తాను. నా మాట వినకుండా ఇల్లు కొని బాగుపడినవాడు మా జిల్లాలోనే లేడు.

సరే, కాస్త తగ్గిస్తాను. కుప్పంలో చూసింది ఒకటే ఇల్లు, అదీ పెళ్లికి పోతూ బస్సు కిటికీలోంచి. నిజంగా కొందామని లోపలికి వెళ్లింది మదనపల్లె శివార్లలోని ఆ పెద్ద ఇంటికి మాత్రమే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, వరసగా వానలు ఎగ్గొట్టిన కాలమది. పుంగనూరు దగ్గర మాకు బావి కింద కొంచెం మడి ఉండేది. చుట్టుపక్కల బావులన్నీ ఎండినా మా బావిలో మోకాటిలోతు నీళ్లు నిలిచేవి. మా తిండి, మా ఆవుల మేత అంతా దాని మీదే. అది అమ్మితేనే ఈ ఇల్లు. మేడ మీద కుర్చీ వేసుకుని కూర్చోవాలని నా ఆశ. మడికి బేరగాణ్ణి కూడా చూసిపెట్టుకున్నాను.

మిట్టమధ్యాహ్నం నేనూ మా ఆవిడా వెళ్లాం. మొజాయిక్ నేల, టేకు తలుపులు, మూడు కుటుంబాలు సరిపోయే గదులు. అంత ఇంట్లో ఒక్క పచ్చని ఆకు లేదు. కాంపౌండులో అక్కడక్కడా సిమెంటు తొట్లు బోర్లించి ఉన్నాయి. ఒక తొట్టి పక్కకు జరిగి, కింద నేలలోంచి జానెడు గొట్టం తల కనబడింది.

ఇంటాయన ఆ తొట్టిని కాలితో మెల్లగా మళ్లీ గొట్టం మీదికి నెట్టాడు. "పాత బోరులేప్పా. కొత్తదాంట్లో నీళ్లు దుముకుతాండాయి."

"ఇంత మంచిల్లు యాల అమ్ముతాండారు?" అంది మా ఆవిడ.

"పిల్లోళ్ల సదువులమ్మా. బెంగుళూరు పోతాండాము."

మిగిలిన తొట్ల వైపు చూడబుద్ధి కాలేదు నాకు.

మా వైపు గడప తొక్కినవాడు పగవాడైనా ముందు చెంబుతో నీళ్లిస్తారు. అక్కడ అంగట్లోంచి తెప్పించిన కూల్‌డ్రింకు ఇచ్చారు.

"సూస్తివా, ఎంత మర్యాదో!" అన్నాను పొంగిపోయి.

మా ఆవిడ సీసా ముట్టలేదు. "నాకు రవ్వన్ని నీళ్లు సాలమ్మా" అంది.

ఇంటావిడ భర్త ముఖం వైపు చూసింది. ఆయన నవ్వు ఆగిపోయింది. ఆడవాళ్లిద్దరూ వంటింట్లోకి వెళ్లారు. చాలాసేపు రాలేదు. లోపల గ్లాసు చప్పుడు కూడా లేదు. ఈలోగా నేను నా సీసా ఖాళీ చేశాను.

బయటికి రాగానే మా ఆవిడ, "మడి అమ్మేది లేదు. పదప్పా" అని గేటు దాటేసింది.

నీళ్ల ట్యాంకరు చక్రాల జాడ గేటు ముందు చూసి, ఆ ఇంట్లో నీళ్లు లేవని నేనే పసిగట్టానని ఇన్నేళ్లూ చెప్పుకున్నాను. ఆ జాడ ఉండిందో లేదో దేవుడికే తెలియాలి. పసిగట్టింది మా ఆవిడ, చెంబు నీళ్లు రాకపోవడం చూసి. మొన్న మనవరాలి దగ్గర ఇలా ఒప్పుకుని, మా ఆవిడ తెలివిని మెచ్చుకుంటూ ఉంటే, పక్కన అనపకాయలు ఒలుస్తున్న తను తలెత్తింది.

"నాకేం తెలివప్పా? దప్పికై అడిగినాను, అంతే. ఆ ఇంటాయమ్మే వంటింట్లో నా చెయ్యి పట్టుకోని చెప్పింది, 'కొనొద్దక్కా, బోర్లన్నీ ఎండిపోయినాయి, నేను చెప్పినానని తెలిస్తే ఆయన నన్ను బతకనీడు' అని. ఇల్లు అమ్ముడుపోక ఆయమ్మ ఆ కొంపలోనే ఉండిపోయింది. నీ కతలో ఆయమ్మ యాడుండాది?"