ఫుట్‌బోర్డు మీద ఆగిన నవల

వంటల పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వరసగా చదివిన మనిషిని మీరు చూసి ఉండరు. నేను చదివాను. పులుసులు, పచ్చళ్లు, పొడులు, ఒక్కటీ వదలలేదు. అంతా అయ్యాక కోపం వచ్చింది. అంత పుస్తకంలో ఎవరూ ఒక్క ముద్ద తినరు. ఉప్పు ఎక్కువైందని ఒక్క మొగుడూ అరవడు. వండటంతోనే సరిపోయింది. అలాంటి పుస్తకాన్ని కావలసిన చోట తెరిచి చూసుకుంటారని, కథలాగా చదవరని నాకు అప్పటికి తెలియదు.

నాకు అక్షరాలు వచ్చేసరికి మనవలు బడికి పోతున్నారు. తెల్లాపూర్‌లో మా పుట్టింటివాళ్లు నన్ను బర్రెల వెంట పంపారు గాని బడికి పంపలేదు. నేను పెళ్లై వచ్చిన మాదాపూర్ బడిలో సాయంత్రం పూట పెద్దవాళ్లకు చదువు చెప్తామంటే పోయాను. చిన్నపిల్లల బెంచీల్లో మోకాళ్లు పట్టక నేల మీద కూర్చుని నేర్చుకున్నాను. అవి గుట్టలు పేల్చి హైటెక్ సిటీ మొదటి బిల్డింగు లేపుతున్న రోజులు. రోడ్డు మీదికి వస్తే చాలు, ఏదో ఒక కొత్త బోర్డు. అన్నీ చదివేదాన్ని. బోర్డులు సరిపోక పుస్తకాల మీద పడ్డాను.

పుస్తకాలు మా మేడ మీదనే ఉండేవి. పై గదులు కోస్తా నుంచి వచ్చిన ఒక కుటుంబానికి కిరాయికి ఇచ్చాం. ఆయనది ప్రభుత్వ ఉద్యోగం. ఆమెకు పుస్తకాల పిచ్చి. చుట్టుపక్కల ఇళ్లలో ఉన్న వాళ్ల వైపు ఆడవాళ్లు శనివారం మధ్యాహ్నాలు ఆమె గదిలో చేరేవారు. అందరి పుస్తకాలూ ఒక రేకు పెట్టెలో వేసుకున్నారు. నియమం ఒకటే: పుస్తకం పూర్తి చేసినవాళ్లు అది ఎలా ఉందో అందరి ముందూ చెప్పాలి. చెప్పాకే పెట్టెలోంచి ఇంకోటి తీసుకోవాలి. ఇంటి ఓనరును కదా, నన్ను కాదనలేదు. నా కోడలు కూడా వచ్చి కూర్చునేది.

నా వంతు వస్తే ఉన్నదున్నట్టు చెప్పేదాన్ని. డిటెక్టివ్ నవలలో హంతకుడు ఎవడో నాకు మొదట్లోనే తెలిసిపోయింది. ఇంట్లో అందరూ ఒకరినొకరు తిట్టుకుంటుంటే వాడొక్కడే మర్యాదగా మాట్లాడతాడు, ఇక వేరే ఎవరు? కాశీయాత్ర రాసినాయన దేవుడి గురించి కన్నా కాఫీ గురించి ఎక్కువ రాశాడు. కాఫీ దొరకలేదని ఏడవడానికి అంత దూరం పోవాలా అన్నాను. నేను ఏం చెప్పినా వాళ్లు ఒకేలా తలలూపేవారు. బాగా చెప్పారండీ పెద్దమ్మగారూ అని టీ గ్లాసు చేతికిచ్చేవారు. వాళ్లలో వాళ్లు మాత్రం ఒకరి మాట ఒకరు మధ్యలో కోసేసి, చేతులు తిప్పుతూ పోట్లాడుకునేవారు. నా మాటకు అడ్డు చెప్పినవాళ్లే లేరు. చిన్నపిల్ల పద్యం అప్పజెప్తే చప్పట్లు కొడతారు చూడండి, అలా ఉండేది.

కారణం ఒక శనివారం తెలిసింది. నేను మెట్లెక్కుతుంటే లోపలి నుంచి టీచరమ్మ గొంతు వినపడింది. ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, కృష్ణా జిల్లా ఆమె. అక్కడ ఆమె మాటే పెద్ద మాట.

"కోడలు చదివి వినిపిస్తుందండీ. ఆవిడ గుర్తుపెట్టుకుని చెప్తారు. ఆ తరం వాళ్ల జ్ఞాపకశక్తే వేరు."

అందులో ఎగతాళి లేదు. మెచ్చుకుంటూనే అంది. అందుకే నాకు మరీ మండింది.

లోపలికి పోయి ఏదో ఒక పుస్తకం తెరిచి చదివి చూపిస్తే అయిపోయేది. చూపించలేదు. నా ఇంట్లో నేను పరీక్షకు నిలబడటమా? నేను వేలు పెట్టుకుని, పెదాలు కదిలిస్తూ, నిదానంగా చదువుతాను. ఒకరు పరీక్షగా చూస్తుంటే అదీ రాదు. కానీ ఒకటి గట్టిగా అనుకున్నాను. ఈమె చదివే మనిషే అని టీచరమ్మ తన నోటితో అందరి ముందూ అనాలి. నేను అడగకుండా అనాలి. ఎలా అనిపించాలో మాత్రం తోచలేదు.

ఆ వారం నేను పెట్టెలోంచి తీసింది ఒక సీరియల్ నవల. అప్పట్లో వారపత్రికలో వచ్చే సీరియల్ కాగితాలను చింపి దాచుకుని, అంతా వచ్చాక బైండు చేయించుకునేవారు. పై గదుల ఆమె ఆ నవలను చందానగర్‌లో కుట్టించి, నీలం గుడ్డ అంటించి తెచ్చుకుంది. వారం వారం వస్తున్నప్పుడే అక్కడున్న వాళ్లంతా చదివేశారు, నా కోడలితో సహా. చదవనిది నేనొక్కదాన్నే.

కథ ఇదీ. ఒకామె బట్టలు కుట్టి ఇల్లు నడుపుతుంటుంది. చిన్న పిల్ల ఉంది. మొగుడు ఆమెను అడగకుండా కుట్టుమిషను అమ్మేస్తాడు. ఇంకోటి కొందాంలే అంటుంది అత్త. ఎవరూ కొనరు. ఆమె నోరు మెదపకుండా ఆ ఇంట్లో తిరుగుతుంటే నాకు ఊపిరాడలేదు. పొయ్యి మీద పాలు పొంగిపోయినా లేవలేదు. అవతల గుట్ట పేల్చినప్పుడల్లా మా కిటికీలు అదిరేవి, నేను మాత్రం ఆమె వంటింట్లోనే ఉన్నాను. చివరికి ఆమె సంచి పట్టుకుని బస్టాండుకు పోతుంది. బస్సు వస్తుంది. ఫుట్‌బోర్డు మీద కాలు పెడుతుంది. అంతే, తర్వాత అట్ట.

పుస్తకం మూసి ఒక్కదాన్నే గట్టిగా నవ్వాను. అది ఏ ఊరి బస్సో చెప్పలేదు. మొగుడు ఏమయ్యాడో చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? ఆమె ఎక్కింది, చాలదా? అంతకు ముందు నేను చదివిన కథల్లో చివర మనల్ని కూర్చోబెట్టి ఎవరికి ఏం దక్కిందో పంచిపెట్టేవారు. ఇందులో పంపకాలు లేవు. ఇన్ని పుస్తకాలు చదివాక, మొదటిసారి ఒక పుస్తకం రాసిన మనిషికి మనసులో దండం పెట్టాను.

శనివారం నా వంతు కోసం ఆగలేదు. కూర్చోగానే మొదలుపెట్టాను.

"పుస్తకమంటే గిట్లుండాలె. ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టంగనే బంద్ చేసిండ్రు. ఇగ ఎటు పోతదో ఆమె ఇష్టం."

ఈసారి ఎవరూ తలలూపలేదు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"తర్వాత వాళ్లాయన స్కూటర్ మీద వస్తాడు కదండీ?" అంది పై గదుల ఆమె.

"ఏ స్కూటర్?"

"బస్సు ఆపి ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడుస్తాడు కదా. ఇద్దరూ ఇంటికెళ్లిపోతారు."

"నీకేమన్న కలొచ్చిందా బిడ్డా? ఆ పుస్తకంల స్కూటరే లేదు."

పుస్తకం చేతులు మారింది. టీచరమ్మ కళ్లద్దాలు సర్దుకుని చివరి కాగితాలు తిప్పి చూసింది. ఆఖరి వారం భాగం అందులో లేనేలేదు. బైండు చేసినాయన అంచులు సమానంగా కోసేటప్పుడు, ప్రతి వారం పేజీ అడుగున ఉండే 'తరువాయి వచ్చేవారం' కూడా కోసేశాడు. ఇక నాకెలా తెలుస్తుంది? అప్పుడు గుర్తొచ్చింది టీచరమ్మకు. ఆఖరి భాగం మళ్లీ చదువుతానని తానే పట్టుకెళ్లి బీరువాలో పెట్టుకుంది. అది తిరిగి రాకముందే మిగతావి చందానగర్ పోయాయి.

అయ్యో పాపం, పెద్దమ్మగారికి ముగింపే తెలియలేదు అని ఒకామె జాలిపడింది. నాకూ ఒక్క క్షణం తల కొట్టేసినట్టయింది. లేని కాగితాలకా నేను దండం పెట్టింది?

టీచరమ్మ జాలిపడలేదు. నన్ను ఒకసారి చూసి, నా కోడలి వైపు తిరిగి, నువ్వు ఈ సీరియల్ చదివావు కదమ్మా, అత్తగారికి చెప్పలేదా అని అడిగింది. కోడలు నోరు తెరిచే లోపలే నేను అందుకున్నాను.

"చెప్తుంటే నేనే ఊకోమన్న. చదవబోయే కథ ఎవలన్న ముందుగాల చెప్పించుకుంటరా?"

టీచరమ్మ కళ్లద్దాలు తీసింది.

"అయితే ఇది మీరే చదివారు. ఎవరు వినిపించినా ఆ స్కూటర్ దాకా వినిపించేవాళ్లు. నేను వేరేలా అనుకున్నానండీ."

"నాకెర్కే. మెట్ల మీద విన్న."

ముందుగా నవ్వింది టీచరమ్మే. లేచి, ఆ ఎండలో తనే ఇంటికి పోయి ఆ కాగితాలు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. నేను అక్కడే వేలు పెట్టుకుని, పెదాలు కదిలిస్తూ, నా తీరున నేను చదివాను. టీలు చల్లారాయి. ఎవరూ మాట అందించలేదు. స్కూటరు వచ్చింది, ఏడుపు వచ్చింది, ఇల్లు వచ్చింది. కాగితాలు కింద పెట్టాను.

"మంచి బస్సు ఖరాబ్ చేసిండ్రు" అన్నాను.

"అదెలా అంటారండీ?" టీచరమ్మ గొంతు లేచింది. "చంటిదాన్ని వదిలేసి పోతే మీరే తిట్టేవారు."

"సంకల ఎత్తుకొని ఎక్కమను. బస్సుల జాగ లేదా?"

"మీ ఇష్టమొచ్చినట్టు కథ మార్చేస్తే ఎలా?"

"కథ సగం నీ బీరువల పెట్టుకొని నన్నంటవేంది?"

గదంతా ఒక్కసారి గొల్లుమంది. ఇక ఎవరూ ఆగలేదు. పై గదుల ఆమె నా పక్షం చేరింది. మొగుడు నిజంగానే మారాడని ఇంకొకామె వాదించింది. నేను మాట్లాడుతుంటే మధ్యలో కోశారు. నేనూ కోశాను. టీచరమ్మ నా మోకాలి మీద తట్టి మరీ, మీరు పూర్తిగా పొరబడ్డారండీ అంది. ఆ గదిలో నన్ను అంత గౌరవించిన మాట అంతకు ముందు ఎవరూ అనలేదు.

పాలు పిండే వేళ దాటిపోయింది. మా బర్రెలు అరుస్తుంటే కిందికి దిగాను. టీచరమ్మ వాదన ఆపకుండా మెట్ల మీద నా వెంటే వచ్చింది. నేను చెంబు పట్టుకుని దొడ్లో నిలబడి జవాబు చెప్పాను.