నలుగురిలోంచి ఒక్కతె

ఆసుపత్రి లాండ్రీ జట్టు రేవు ఆఫీసు జట్టుకు ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా ఆడి ఫుట్‌బాల్ కప్పు గెలిచింది. మా మేనకోడలి మొదటి గెలుపు అదే. ఊరికే రాలేదు. అంతకు ముందు మూడేళ్లు వరసగా అదే జట్టు చేతిలో చిత్తుగా ఓడారు. ఆ కప్పు మా అద్దాల బీరువాలో ఉంది. ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్ల కంటే ముందు దాన్నే చూపిస్తాను. ఆ తర్వాత రెండుసార్లు ఉత్తమ డిఫెండర్, ఒకసారి కెప్టెన్. మా వంశంలో పేపర్లో ఫోటో పడిన మొదటి మనిషి ఆమే. నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణే గాని, ఇవన్నీ ఏ ఏడు ఏ నెలలో జరిగాయో తడుముకోకుండా చెప్పగలను.

ఆమె వెనక వరుసలో ఆడుతుంది. ఆ వరుసలో నలుగురూ లాండ్రీవాళ్లే. రోజంతా ఆసుపత్రి దుప్పట్లు మడతపెట్టడం వాళ్ల పని. ఒకరు ఈ కొస, ఒకరు ఆ కొస పట్టుకుంటారు; ఒకరు అడుగేస్తే ఎదుటామె కూడా వేస్తుంది. మాటలుండవు, ఉన్నా మిషన్ల మోతలో వినపడవు. మైదానంలోనూ అంతే. అవతలివాళ్లు బంతి కొట్టబోయే క్షణంలో నలుగురూ కలిసి ఒక్క అడుగు ముందుకేసేవారు. వాళ్ల ఫార్వర్డు ఈ వరుస వెనక, గోల్ వైపు మిగిలిపోయి ఆఫ్‌సైడ్; ఇక గోల్ కొట్టినా చెల్లదు. వీధిలో అందరూ ఆమెను "తలుపు" అనేది అందుకే.

దేశం జట్టుకు పిలుపు ఆమె ఒక్కదానికే వచ్చింది. మ్యాచ్‌కు ముందు ప్రాక్టీసు మూడు రోజులు. తలా ఒక క్లబ్బు నుంచి వచ్చారు; మొదటి రోజు సగం ప్రయాణ బడలికకే సరిపోయింది. వెనక నలుగురు కాదు, ముగ్గురే ఆడాలన్నాడు కోచ్. ముందు ఆడేవాళ్లు గట్టివాళ్లు, వాళ్లలో ఒకరిని పెంచుకోవాలని ఆయన లెక్క. తప్పు పట్టలేం. కానీ మా పిల్లకు చెరో పక్కన నిలబెట్టిన ఇద్దరిలో ఒకామెది మనిషిని వెంటాడే అలవాటు, రెండో ఆమెది గోల్ ముందే నిలబడిపోయే అలవాటు.

"సార్, మా లాండ్రీ వాళ్లను ఇద్దర్ని పిలిపించండి. మీకు నేర్పే పనే ఉండదు," అని అడిగిందట.

"విడివిడిగా చూస్తే వాళ్లు ఈ ఆటకు చాలరమ్మా. నాకిచ్చింది మూడు రోజులు. మనుషులను ఎంచుకోగలను, అలవాట్లు ఎక్కణ్ణుంచి తేను?"

మ్యాచ్ ఆఖర్న, స్కోరు సమంగా ఉండగా, బంతి గాల్లోకి లేచింది. ఆమె అలవాటుగా అడుగు ముందుకేసి ఆఫ్‌సైడ్ అని చెయ్యెత్తింది. పక్కామె కదల్లేదు, ఆఫ్‌సైడ్ కాలేదు. అవతలి పిల్ల ఆ సందులోంచి తీరిగ్గా వెళ్లి గోల్ కొట్టింది. మర్నాడు పేపర్లో చెయ్యెత్తి నిలబడ్డ మా పిల్ల ఫోటో. "ఇదీ బీరువాలో పెడతారా?" అంది మా ఆవిడ.

లాండ్రీ గేటు దగ్గర వ్యాను డ్రైవరు, "ఏమ్మా తలుపూ, గడియ పెట్టడం మర్చిపోయావా?" అన్నాడట. లోపల, తనతో వెనక వరుసలో ఆడే ముగ్గురు లాండ్రీవాళ్లలో పెద్దామె దుప్పటి కొస అందిస్తూ, "మేముంటే పెట్టేవాళ్లం," అందట. అది ఓదార్పో దెప్పుడో మా పిల్లకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఈ ఏడు పెద్ద టోర్నమెంటు. మళ్లీ మూడు రోజులే. ఈసారి వెనక ఐదుగురు. కోచ్ ఫోన్ చేసి, చోటు ఇస్తాను గాని ముందుకు అడుగెయ్యకూడదు, చెయ్యెత్తకూడదు, గోల్ ముందు నిలబడాలి, ఉన్న టైములో అందరికీ నేర్పగలిగేది అదొక్కటే అన్నాడు. ఆమె సరేనంది. నాకు ఒళ్లు మండింది.

"నీ ఆట నిన్ను ఆడనివ్వని జట్టు నీకెందుకే?"

"వెళ్లకపోతే ఆ ఫోటోనే నా ఆఖరి ఫోటో అవుద్ది మావయ్యా."

వెళ్లే ముందు వారమంతా లాండ్రీలో దుప్పటి పట్టుకుని కదలకుండా నిలబడడం నేర్చుకుంది. ఎదుటామె తిట్టుకుంటూ ఆ దూరమంతా తనే నడిచిందట.

సెలవివ్వడానికి లాండ్రీ సూపర్‌వైజరు ఆమె తిరిగొచ్చే తేదీ చెప్పమన్నాడు. ఎన్నాళ్లు ఆడతారో ఎవరికి తెలుసు అనుకుంటూనే నేను ఫుట్‌బాల్ సంఘానికి ఫోన్ చేశాను. గుమాస్తా ఆలోచించనైనా ఆలోచించలేదు. తొలి రౌండు ఆఖరి మ్యాచ్ జూన్ పద్దెనిమిదిన. నెగ్గిన జట్లకు రెండో రౌండు ఇరవై రెండున. మనవాళ్ల తిరుగు టికెట్లు మాత్రం ఎప్పుడో కొనేశారట, జూన్ పంతొమ్మిదికి.