ఐస్ మీద రగ్గు

మొన్న ఆదివారం కాబోయే వియ్యపురాలికి రొయ్యల వేపుడు పెడతామని పిలిచి, గుడ్ల పులుసు ఎందుకు పెట్టామో తెలుసా అండీ? నా మూలంగానే!

పొద్దున్నే రెండు కిలోల రొయ్యలు తెచ్చాను. తెచ్చిన అరగంటకే కరెంటు పోయింది. ఇంక ఫ్రిజ్ ఎందుకు? మా ఆవిడ టబ్బులో రొయ్యలు పోసి, పైన ఐస్ పరిచి, "చర్చి నుంచి రాగానే వండుతాను. కాస్త కనిపెట్టుకుని ఉండండి. ఆవిడ మొదటిసారి మనింటికి వస్తోంది, పరువు పోకూడదు" అని మరీ మరీ చెప్పి వెళ్లింది. పెద్దాడి కూతురు గ్రేసు జలుబని నాతో ఉండిపోయింది. ఎనిమిదో తరగతి.

కాసేపటికి ఆ పిల్ల నా రగ్గు పట్టుకొచ్చింది.

"ఇది కప్పుదాం తాతయ్యా, ఐస్ తొందరగా కరగదు."

"చలికాలం రగ్గెందుకు కప్పుకుంటామే?"

"వెచ్చగా ఉంటుందని."

"మరి వెచ్చగా ఉండేది కప్పితే ఐస్ కరుగుతుందా, గడ్డ కడుతుందా?"

"రగ్గుకి సొంత వేడి ఉండదు తాతయ్యా! మన వేడిని బయటికి పోనివ్వదు. అలాగే బయట వేడిని ఐస్ దాకా రానివ్వదు."

"రాత్రి బడిలో చదువుకున్నవాణ్ణని నాకే పాఠాలా? తీసెయ్!"

అంతటితో ఊరుకున్నానా? గాలి తగిలితే చల్లగా ఉంటుందని టబ్బును వరండాలోకి ఈడ్చాను. మే నెల అండీ! విజయవాడ అండీ! ఆ గాలికి తడిబట్టలు పావుగంటలో ఆరిపోతాయి.

పన్నెండున్నరకు వాసన ముందొచ్చింది, మా ఆవిడ తర్వాత వచ్చింది. టబ్బులో చెయ్యి పెడితే స్నానానికి కాచినట్టున్నాయి నీళ్లు! గ్రేసు లోపలినుంచి ఒక గిన్నె తెచ్చింది. పొద్దున టబ్బులోంచే ఒక పెద్ద ఐస్ ముక్క తీసి, గిన్నెలో పెట్టి, నా ఉన్ని మఫ్లర్ చుట్టి దాచిందట. విప్పితే నిమ్మకాయంత ముక్క ఇంకా మిగిలే ఉంది.

అంతలో గుమ్మంలో వియ్యపురాలు. "ఏమిటండీ వాసన?"

చర్చి నుంచి వచ్చిన మా కోడలు, గ్రేసు వాళ్లమ్మ, గబగబా గుడ్లు ఉడకేసింది.

అన్నాల దగ్గరన్నా వదిలేస్తుందనుకుంటే, మా ఆవిడ అందరి ముందూ అడిగింది: "ఏవండీ, హనుమాన్ జంక్షన్ నుంచి చేపల చెరువులకు ఇరవై ఏళ్లు ఐస్ లారీ తోలారే! దిమ్మల మీద ఊక పోసి, పైన గోనెపట్టాలు కప్పేవారు కదా. ఎందుకనుకున్నారు?"

నిజమే చెప్పాను. "దారిలో ఎవరూ ఎత్తుకుపోకుండా అనుకున్నాను."

వియ్యపురాలికి పొలమారింది. గ్రేసు నవ్వు ఆపుకోలేక కంచం వదిలేసి లోపలికి పారిపోయింది.

నవ్వితే నవ్వారు గానీ, ఆ ఇరవై ఏళ్లలో ఒక్క దిమ్మ కూడా పోలేదండీ!