మొక్కకు కాళ్లు లేవు

మా వృక్షశాస్త్రం మేడం ఇక లేరని పోయిన సోమవారం పొద్దున ఫోన్ వచ్చింది. ఆ రోజంతా ఆమె గొంతు ఇంట్లో ఎక్కడో మెల్లగా పాఠం చెబుతున్నట్టే ఉంది.

నేను పుట్టుకతోనే చర్మంలో, జుట్టులో రంగు లేనిదాన్ని. మాది దంతాలపల్లి దగ్గర పత్తి పండించే ఇల్లు. కాసేపు ఎండలో నిలబడితే ఒళ్లంతా కమిలిపోయేది. జనగామ కాలేజీలోనూ నీడ చూసుకొనే కూర్చునేదాన్ని.

ఒక మధ్యాహ్నం మేడం ల్యాబులో గాజు గొట్టాలు వరసగా నిలబెట్టారు. దానిమ్మ తొక్క, ద్రాక్ష గింజలు, గ్రీన్ టీ ఆకు, పసుపు నానబెట్టిన నీళ్లు. వాటిలోంచి దిగిన వెలుతురు ఆమె చీర మీద పచ్చగా, ఎర్రగా కదిలింది.

"మొక్కకు కాళ్లు లేవు బిడ్డా. ఎండల నుంచి ఎటు ఉరుకుతది? గందుకే తన ఒంట్లనే మందు చేసుకుంటది" అన్నారు. ఎండలోని అతినీలలోహిత కిరణాల వల్ల చర్మానికి క్యాన్సర్ రావచ్చనీ, ఈ పదార్థాలు దాన్ని కొంత ఆపుతాయేమోనని పరిశోధకులు చూస్తున్నారనీ చెప్పారు.

నేను "ఏమో"ను వదిలేసి మందును పట్టుకున్నాను. దసరా సెలవుల్లో పసుపు, దానిమ్మ తొక్క నూరి ఒంటికి పూసుకొని, అందరితోపాటు పత్తి ఏరడానికి పోయాను. ఆకాశం అంత పెద్దదని అప్పుడే తెలిసింది. సాయంత్రానికి మొహమంతా పొక్కులు.

కాలేజీకి వెళ్లగానే మేడం నా చెవి మీది పుండు చూశారు.

"గిది ఎన్ని దినాల సంది?"

"ఆర్నెల్లాయె మేడం."

మర్నాడే అమ్మనూ పిలిపించి నన్ను వరంగల్ దవాఖానకు తీసుకెళ్లారు. క్యాన్సరే, కానీ మొదట్లోనే ఉంది. కోసి తీసేశారు. బయట అమ్మ మేడంను అడిగింది: "మీరే మందు అని చెప్పిండ్రట గద?"

"చెప్పిన అక్కా. ఇంకా తేలలేదన్న మాట గట్టిగ చెప్పలే. తప్పు నాదే."

అంత చదివిన మనిషి మా అమ్మ ముందు తల వంచుకొని నిలబడింది. అమ్మ పక్కకు జరిగి బెంచీ మీద చోటిచ్చింది.

ఆ తర్వాత ఆ పాఠం చెప్పిన ప్రతిసారీ మేడం బోర్డు మీద ముందు "కావచ్చు" అని రాసేవారట. ఏటా ఎండలు ముదరగానే నాకు ఫోన్: "నిండు చేతుల జాకెట్ వేసుకున్నవా? చెవులు చూపిచ్చుకున్నవా?" ఈ ఎండాకాలం కూడా చేశారు.

ఆ సోమవారం ఎండ చల్లబడ్డాక మేడం ఊరు నర్మెట్ట వెళ్లి ఆమెను చివరిసారి చూశాను. తిరుగు బస్సులో పొద్దు గూకింది. కిటికీలోంచి మోచేతి దాకా చెయ్యి బయటపెట్టాను. దూరంగా వరి మడుల్లో కొంగలు ఒక్కొక్కటే వాలుతున్నాయి, చప్పుడు లేకుండా.