సాన పట్టినంక మొద్దువోయిన కత్తి

చైతన్యపురిల హాస్టళ్ల సందుల మాకు చిన్న కర్రీ పాయింట్ ఉన్నది. పొద్దున ఆరింటికే నేను, మా అత్తమ్మ ఎదురెదురుగ కూసొని కూరగాయలు కోస్తం. ఆమెది నల్గొండ దిక్కు కమ్మరాయన కొట్టిచ్చిన ఇనుప కత్తిపీట. టమాటలు కోసి కడగకుండ పెడితే సాయంత్రానికి తుప్పు పడ్తది. కానీ రాయితోని నాలుగుసార్లు రుద్దితే చాలు, మళ్ల పదును. నాది తెల్లగ మెరిసే స్టీల్ చాకు. తుప్పు లేదు, పదునూ ఎక్కువ దినాలు నిలువదు.

ఒకనాడు మొద్దువోయిన ఆ చాకు టమాట తోలు మీద జారి నా వేలు తెగింది. అత్తమ్మ పసుపు అద్దుకుంట, "పదునున్నదాంతోని భయం లేదు బిడ్డా, మొద్దుదాంతోనే భయం" అన్నది. మొద్దుదైతే తెగకూడదు గద అని నాకు అనుమానం.

మా మరిది ఒక హోటల్ల వంట మాస్టర్. నా వేలికున్న కట్టు చూసి, తన కత్తి ఒకటి తెచ్చిచ్చిండు. "వదినా, ఇది గట్టి ఉక్కు. పదును చాన దినాలుంటది. మొద్దువోతే నాకే ఇయ్యి, నీళ్లరాయిని తడుపుకుంట దాని మీద చేతితోనే రుద్దిస్త. బయటోళ్లకు మాత్రం ఇయ్యకు" అన్నడు.

ఆ కత్తి దిగితే ఉల్లిగడ్డ చప్పుడే చెయ్యకపోతుండె. రెండు నెలలు హాయిగ నడిచింది. తర్వాత అదీ మెల్లగ మొద్దువోయింది. పెండ్లిల్ల సీజన్, మరిదికి ఇంటికొచ్చే తీరిక లేదు. గప్పుడే సాన పట్టే ముసలాయన సైకిల్ మీద సందులకొచ్చిండు. ఆగలేక రెండు చాకులూ ఇచ్చిన.

నా పాత చాకు చిటికెల అయిపోయింది. మరిది కత్తి దగ్గర ఆయన ఆగిండు. "ఏం ఉక్కమ్మా ఇది? చక్రానికి లొంగుతలేదు" అనుకుంట ఇంకా గట్టిగ అదిమిండు. నిప్పురవ్వలు లేచినయ్. చేతికిచ్చేటప్పటికి అంచు పొడుగూత సన్నటి నీలం చార. కాగితం మీద పెడితే సర్రున కోసింది. మంచిదే అనుకున్న.

మర్నాడు ఉల్లిగడ్డల సంచి సగం కాకముందే అది మొద్దయింది. అదే చక్రం మీద పట్టిన పాత చాకేమో మంచిగనే కోస్తున్నది. ముసలాయన మళ్లొచ్చినప్పుడు చూపిచ్చిన. మళ్ల పట్టిండు, మళ్ల గంతే. "ఇన్నేండ్లల్ల ఇట్ల ఎన్నడు గాలే" అని కత్తిని అటిటు తిప్పి చూసుకుంట నిలవడ్డడు. ఆయన మొఖం చూస్తే నాకే పాపమనిపిచ్చింది.

వారానికి పెండ్లిల్ల సీజన్ అయిపోయి, మరిది వచ్చిండు. కత్తిని వెలుతురుకు పట్టి నీలం చార చూసిండు.

"చక్రం వేడికి అంచుల గట్టితనం పోయింది వదినా."

"కాల్చే గద గట్టిగ చేస్తరు? మళ్ల వేడికే మెత్తగెట్ల అయితది?"

"ఎర్రగ కాల్చి ఒక్కసారిగ చల్లార్చితే గట్టిపడ్తది. తర్వాత మళ్ల వేడెక్కితే మెత్తవడ్తది."

"మరి నా చాకుకేం గాలేదేంది?"

"అది ముందు నుంచే మెత్తది. పోయేటందుకు దాంట్ల గట్టితనం ఏమున్నది?"

అత్తమ్మ తలూపింది. నాకు మాత్రం గజిబిజిగనే ఉన్నది. మెత్తదేమో బతికింది, గట్టిదేమో చెడింది. చెప్పిన మాట వినక ఇచ్చింది నేను, తప్పు ముసలాయనదని ఎట్ల అనాలె?

మూడు ఆదివారాలు కూసొని మరిది ఆ నీలం భాగమంత నీళ్లరాయి మీద అరగదీసిండు. కత్తి ఎడల్పు తగ్గింది గాని పదును నిలవడ్డది.

సాన పట్టే ఆయన మళ్లొచ్చినప్పుడు జరిగిందంత చెప్పిన. కోపం జేసుకుంటడేమో అనుకున్న. ఆయన కత్తి అడిగి తీసుకొని, అంచు మీద బొటనవేలు అడ్డంగ మెల్లగ ఆనిచ్చి చూసిండు. తర్వాత నా పాత చాకును దాని పక్కన పెట్టి చూసిండు.

"రెండూ తెల్లగనే మెరుస్తయ్. ఏది మెత్తదో ఏది గట్టిదో చూడంగనే నాకెట్ల తెలుస్తదమ్మా?"

నేను రెండిటినీ మార్చి మార్చి చూసిన. చూపుకు నాకూ తెలువలే. పాత చాకు ఒక్కటే ఆయనకిచ్చి, రెండోదాన్ని కొంగుల చుట్టుకొని లోపలికొచ్చిన.