జరీ ఏరియల్

రేడియోకు ఏరియల్‌గా జరీపోగు కట్టిన బుద్ధిమంతుణ్ణి బెజవాడ మొత్తం మీద నేనొక్కణ్ణే అయివుంటాను. యుద్ధకాలం, రాగితీగ దొరకలేదు. మాది మగ్గాల ఇల్లు, జరీకి కొదవలేదు. రాగికే పలికే పెట్టె వెండిపోగుకు పాడకపోతుందా అనుకున్నాను.

ఆ బ్యాటరీ రేడియో తెచ్చింది పాటల కోసం కాదు. పటాలంలో చేరి సింగపూరు వెళ్లిన అన్నయ్య నుంచి, ఆ ఊరు జపానువాళ్ల చేతికి చిక్కాక కబురు లేదు. అక్కడి స్టేషను సాయంత్రాలు షార్టువేవు మీద ఖైదీల పేర్లు చదువుతోందని విన్నాం. అందుకని పెరట్లో వెదురుగడ పాతి, జరీ లాగి, ఎర్త్ తీగను గడ మొదట్లో పూడ్చాను. అక్కడ నేల తడిగా ఉండాలన్నానని, అమ్మ తులసికి పోసినట్టే రోజూ దానికీ చెంబెడు నీళ్లు పోసేది.

తీగ లాగితే డొంకంతా కదులుతుందంటారు. నేను లాగిన తీగకు ఈలలూ గరగరలూ తప్ప మరేమీ రాలలేదు. పక్కింటి జవుళికొట్టు బాబాయిగారు గోడ మీంచి తొంగిచూసి, "ఏమోయ్, గడకు జరీ చుట్టావు, ముహూర్తం ఎప్పుడూ?" అన్నారు.

ఒక సాయంత్రం పెట్టె పలికింది. పేరు, ఊరు. పేరు, ఊరు. ఉన్నట్టుండి అన్నయ్య పేరు! ఊరు చెప్పబోతుండగా గరగర.

"వాడేరా!" అంది అమ్మ.

"ఆ పేరు గలవాళ్లు ఊరికి పదిమందుంటారమ్మా."

"నీకు వినపళ్లేదేమో. నాకు వినపడింది."

మర్నాడే బాబాయిగారు, నవ్వడం మాని, ఎక్కణ్ణించో రాగితీగ తెచ్చి తనే కట్టారు. ఆ తరవాత అందరి పేర్లూ, ఊళ్లతో సహా, శుభ్రంగా వినిపించాయి. ఆ పేరు మాత్రం మళ్లీ రాలేదు. గాలికబుర్లు నమ్మొద్దనేది మా నాయనమ్మ. మేం వాటినే నమ్ముకున్నాం.

యుద్ధం ముగిసింది. ఖైదీలు ఒక్కొక్కరే రైలు దిగారు. అన్నయ్య దిగలేదు. ఉన్నాడని గాని లేడని గాని చెప్పినవాళ్లూ లేరు. బ్యాటరీ చచ్చాక కూడా అమ్మ గడ మొదట్లో నీళ్లు పోస్తూనే ఉంది.

ఆ నీళ్లకు ఏదో ఒకటి బదులు పలకాలి గదా అని అక్కడ పొట్లగింజ పెట్టాను. పొట్లపాదు గడ ఎక్కి రాగితీగ వెంట పాకింది. కాయలు వంకర తిరగడం మొదలెట్టాయి. ఎవరైనా అలాంటి కాయ తిన్నగా సాగాలని కొసకు రాయి కడతారు. నేను లోపలికెళ్లి, అంతకాలం నా వేళ్లు అరగదీసిన స్టేషన్లు తిప్పే మీటను ఇత్తడికడ్డీతో సహా రేడియోలోంచి ఊడబీకి, జరీపోగు ముక్కతో ముడేసి, అన్నిట్లోకీ వంకర కాయకు వేలాడదీశాను.