బొట్టు పెట్టిన కత్తి

నిన్న బెజవాడలో ఒక షాపు అద్దాల వెనక పేరుమోసిన కంపెనీల మడతకత్తులు చూస్తే నవ్వొచ్చింది. మా పెదనాన్నకీ అలాంటిదొకటి ఉండేది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ టక్కున తెరిచి, "జర్మనీ సరుకండీ, వెంట్రుకని నిలువునా చీలుస్తుంది" అనేవాడు. జామకాయ కొయ్యమంటే మాత్రం "మరకలు పడతాయే" అని మూసేసేవాడు.

దసరాకి ఆయుధపూజలో దానికే బొట్టు. ఏ పనీ చెయ్యకుండా దణ్ణాలు పెట్టించుకుంటోంది కదా, దేవుడే కాబోలనుకుని నేనూ మొక్కాను.

"పెదనాన్నా, కత్తిపీట కూడా తేనా?"

"కమ్మరాడు చేసిన ఆ తుప్పుముక్కకి పూజేంటే!"

ఆ తుప్పుముక్క అప్పుడు వంటింట్లో ఆయన దప్పళానికి గుమ్మడికాయ కోస్తోంది. దాని మీద కూర్చున్న అమ్మని పూజకి ఎవరూ పిలవలేదు. నేనూ పిలవలేదు.